పేపర్ల వచ్చిందని మా అన్న నమిలిన ఆకు

సంపాదకుల గారికి నమస్కారం.

ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. పొద్దున టీతో పాటు పేపరు చేతిలో లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. ఆదివారం మాత్రం ముందు ఆరోగ్యం పేజీ తీస్తాను. ఆ పేజీ గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, దయచేసి చివరిదాకా చదవండి.

మా అన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పేపరు ముక్క ఉండేది. చెమటకు తడవకుండా సిమ్ కార్డు వచ్చిన చిన్న ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకున్నాడు. విప్పితే అరచేయంత ఉంటుంది. పైన బిళ్ళ గన్నేరు మధుమేహానికి మంచి మందని పెద్ద అక్షరాలు, కింద ఆరు లైన్లు. రోజూ పరగడుపున ఐదు ఆకులు నమిలితే షుగర్ అదుపులో ఉంటుందట. పెద్దల నాటి చిట్కా అట. శాస్త్రవేత్తలు కూడా నిర్ధారించారట. ఏ శాస్త్రవేత్తలు, ఏ ఊళ్లో, ఎవరి మీద చూసి నిర్ధారించారో ఒక్క ముక్క లేదు. అది మీ పత్రికదా, ఇంకో పత్రికదా అని నేను రాయడం లేదు. అలాంటి ఆరు లైన్లు ఇప్పుడు అన్ని పత్రికల్లోనూ వస్తున్నాయి. అందుకే ఒక్కరిని పట్టుకుని అనడం నాకు ఇష్టం లేదు.

మా అన్నది పరకాల దిక్కు పల్లె. నాలుగెకరాల పత్తి, ఎకరం వరి. వయసు అరవై ఎనిమిది. షుగర్ వచ్చి పదకొండేళ్లు. ఆశా కార్యకర్త నెలనెలా ఇంటికే వచ్చి గోలీల కవరు ఇచ్చిపోతుంది. దసరాకు నేను ఊరికి పోయినప్పుడు పొద్దున్నే పెరట్ల నిలబడి ఏదో నములుతూ కనబడ్డాడు. మొహం చూస్తేనే తెలుస్తోంది, వట్టి చేదు. ఏందన్నా అని అడిగితే జేబులోంచి ఆ ముక్క తీసి చూపించాడు. "గోలీలు మాత్రం మానకు" అన్నాను. "మానుతనా చెల్లె" అన్నాడు. అంతటితో ఊరుకున్నాను. కూర్చోబెట్టి ఇంకో పది నిమిషాలు మాట్లాడాల్సింది. బతుకమ్మ పూలు తెంపుకురావాలన్న తొందరలో లేచి వెళ్లిపోయాను. ఆ పది నిమిషాలు ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఫిబ్రవరిలో పత్తి కట్టె కొట్టిన చేన్ల నడుస్తుంటే మోడు గుచ్చుకుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే అరికాళ్లకు స్పర్శ తగ్గుతుంది. ఆయనకు నొప్పే తెలియలేదు. మూడో రోజు వాకిట్ల రక్తపు మరకలు చూసి మా వదినె కాలు ఎత్తించి చూసింది. దవాఖానకు తీసుకుపోయేసరికి పాదం వాచి, రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. షుగర్ 418. ఆ రెండు వేళ్లూ తీసేశారు.

ఆయన బట్టల కోసం నేను ఊరికి పోయినప్పుడు బియ్యం డ్రమ్ము పక్కన ఒక బిస్కెట్ డబ్బా కనబడింది. మూత తీస్తే గోలీల పట్టీలు. లెక్కపెట్టాను. నాలుగు నెలలవి. ఒక్క గోలీ తీయలేదు. వాటి కింద ఆ పేపరు ముక్కకు జిరాక్స్ కాపీలు ఏడు. షుగర్ ఉన్న దోస్తులకు ఇద్దామని పరకాలకు పోయినప్పుడు తీయించాడని వదినె చెప్పింది. "నేను జెప్తె ఇంటడా, పేపర్ల వచ్చిందంటడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వార్డులో ఆయన పక్కన కూర్చున్న రోజు మా అన్న అడిగిన మాట ఇది: "చెల్లె, పేపర్ల అబద్ధం రాస్తరా? అయినా ఆకే గదా నేను నమిలింది, మందు గాదు గదా."

ఆ రెండు ప్రశ్నలకూ అప్పుడు నా నోట మాట రాలేదు. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ముందు ఆకు సంగతి. మన దగ్గర ఏ ఇంటి ముందు చూసినా, ఏ గుడి గోడ పక్కన చూసినా గులాబీ రంగు పూలతో, తెల్ల పూలతో బిళ్ళ గన్నేరు ఉంటుంది. నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. మేక కూడా ముట్టదు. ఆ చిన్న మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే రసాయనాలు, ఉన్నాయి. 1952లో జమైకా నుంచి కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు ఒక కవరు వచ్చింది. అందులో ఈ మొక్క ఆకులు ఇరవై ఐదు ఉన్నాయి. ఇన్సులిన్ దొరకని రోజుల్లో అక్కడివాళ్లు ఈ ఆకులు మరిగించి షుగర్‌కు తాగేవారట. మా అన్న నమ్మకమే, సముద్రాల అవతల. క్లార్క్ నోబుల్ ఒకప్పుడు ఇన్సులిన్ కనుగొన్న బాంటింగ్ దగ్గర పనిచేసినవాడు. తాను రిటైరయ్యాడు కనుక ఆ ఆకులను తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. రాబర్ట్ వాటి రసాన్ని ఎలుకలకు తాగించి చూశాడు. షుగర్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సూది ద్వారా ఎక్కిస్తే ఎలుకలు కొద్దిరోజుల్లోనే ఇన్ఫెక్షన్లతో చనిపోయాయి. ఎందుకని చూస్తే రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఎముక మూలుగ దెబ్బతింది.

ఇంకొకరైతే అక్కడితో ఆ ఆకులు పారేసేవారేమో. రాబర్ట్ నోబుల్ ఇంకోలా ఆలోచించాడు. తెల్లకణాలను ఇంత తగ్గించేది ఏదైనా ఉంటే, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే బ్లడ్ క్యాన్సర్‌కు పనికొస్తుంది కదా అనుకున్నాడు. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆ పదార్థాన్ని విడదీశాడు. 1958లో ప్రపంచానికి చెప్పారు. అదే విన్‌బ్లాస్టిన్. దాని తర్వాత అదే మొక్క నుంచి వింక్రిస్టిన్ వచ్చింది. పిల్లలకు వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కు ఈ రోజుకూ ఇచ్చే ముఖ్యమైన మందుల్లో అది ఒకటి. మన వాకిట్ల పూసే పువ్వు వల్ల ఎంతమంది పిల్లలు బతికి బట్టకట్టారో తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఇది నేను ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పేదాన్ని.

ఆ మందును ఎలా ఇస్తారో కూడా చెప్పాలి. పిల్లవాడి ఎత్తు, బరువు చూసి, ఒంటి వైశాల్యం లెక్కగట్టి, మిల్లీగ్రాముల్లో కొలిచి, రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఒక్క గ్రాము మందు తీయాలంటే కొన్ని వందల కిలోల ఎండుటాకులు కావాలి. మోతాదు మీరితే నరాలు దెబ్బతింటాయి, తెల్లకణాలు పడిపోతాయి. అన్నా, నువ్వు నమిలింది ఆకే. కానీ ఆ ఆకులోనే మందూ ఉంది. ఆకు అని పిలిచినంత మాత్రాన లోపల ఉన్నది మారదు.

మరి శాస్త్రవేత్తలు నిర్ధారించారన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తోచింది ఇది. 2003లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు బిళ్ళ గన్నేరు ఆకు రసాన్ని కుందేళ్లకు ఇచ్చి చూశారు. మామూలు కుందేళ్లలోనూ, మందు ఇచ్చి షుగర్ తెప్పించిన కుందేళ్లలోనూ రక్తంలో చక్కెర తగ్గింది. వాళ్లు చేసిన పని మంచిది, నిజాయితీగా ప్రచురించారు కూడా. కాకపోతే అది కుందేలు. మనిషికి ఎంత ఇవ్వాలి, ఎన్ని రోజులు ఇవ్వాలి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ వేసుకుంటున్నవాళ్లకు ఇస్తే ఏమవుతుంది, మూడు నెలల సగటు చూపే పరీక్షలో తేడా వస్తుందా, ఇవేవీ ఆ ప్రయోగం చెప్పదు, చెప్పానని అనలేదు కూడా. కుందేలు దగ్గర మొదలైన మాట ఆరు లైన్లలోకి వచ్చేసరికి కుందేలు మాయమైంది. ఇలాంటిదేదో జరిగి ఉంటుంది.

పేపర్ల అబద్ధం రాస్తరా అన్న మా అన్న ప్రశ్నకు నా జవాబు అదే. అబద్ధం రాయలేదు అన్నా, సగం రాశారు.

సగం సంగతి అని ఊరికే అనడం లేదు. మెంతుల విషయం చూడండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మనుషుల మీదే చూశారు. 1990లో ప్రచురించిన వాళ్ల అధ్యయనంలో ఇన్సులిన్ మీద ఆధారపడిన షుగర్ రోగులకు పది రోజుల పాటు, నూనె తీసేసిన మెంతి పొడిని మధ్యాహ్నం సగం, రాత్రి సగం చొప్పున భోజనంలో కలిపి పెట్టారు. పరగడుపు షుగర్ తగ్గింది. ఇరవై నాలుగు గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మన హైదరాబాద్‌లో మన వంటింటి దినుసు మీద జరిగిన పని అని నేను గర్వంగా చెప్పేదాన్ని. మెంతులు నానితే జిగురొస్తుంది చూడండి, ఆ జిగురు పీచే తిన్నదాంట్లోని చక్కెరను మెల్లగా రక్తంలోకి వదులుతుంది.

అయితే వాళ్లు ఇచ్చిన పొడి రోజుకు 100 గ్రాములు. మా ఇంట్లో కేకుల కోసం కోడలు కొన్న చిన్న ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. దాని మీద ఒక చెంచా మెంతులు పోసి చూశాను. నాలుగు గ్రాములు చూపించింది. వంద గ్రాములు కావాలంటే అలాంటి చెంచాలు ఇరవై ఐదు పోయాలి. ఒక గిన్నె నిండింది. రాత్రి చెంచాడు మెంతులు నానబెట్టి పొద్దున తాగితే మంచిదే, తాగండి, నేనూ తాగుతాను. కానీ పోషకాహార సంస్థ వాళ్లు నిరూపించింది ఆ చెంచాడు కాదు. గోలీలు, ఇన్సులిన్ మానేసి మెంతులు తినండని వాళ్లు ఏనాడూ అనలేదు. మెంతులు షుగర్‌ను అదుపు చేస్తాయి అని ఒక్క లైన్ రాసినప్పుడు ఆ వంద గ్రాములు ఎక్కడ పోయినట్టు?

పుంటికూర కథ ఇంకా చిత్రం. బీపీకి గోంగూర మంచిదని ఈ మధ్య చాలాచోట్ల వస్తోంది. 2010లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 65 మందితో ఒక పరీక్ష చేశారు. ఆరు వారాలు రోజుకు మూడు కప్పుల కషాయం తాగినవాళ్లకు పై బీపీ 7 పాయింట్ల దాకా తగ్గింది. ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లకు ఒక పాయింటు చిల్లర తగ్గింది. చక్కటి పరీక్ష. కానీ ఆ కషాయం ఆకుతో చేసింది కాదు. ఆ జాతి మొక్కకు పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా ఉండే రక్షక పత్రాలతో చేసింది. తాగినవాళ్లు కూడా బీపీ కొంచెమే ఎక్కువగా ఉండి, ఇంకా గోలీలు మొదలుపెట్టనివాళ్లు. మనం తినేది ఆకు. దాన్ని పచ్చడి పెట్టడానికి దోసెడు ఉప్పు వేస్తాం. బీపీ గోలీ మానేసి పుంటికూర తొక్కుతో అన్నం తినేవాళ్లను నేను చూశాను.

పసుపు గురించి చెప్పాలంటే పుస్తకమే అవుతుంది. వరంగల్ మార్కెట్లో పసుపు కుప్పల పక్కన నడిచి పెరిగినవాళ్లం. మన నిజామాబాద్ పసుపు పేరు దేశమంతా తెలుసు. గాయానికి పసుపు అద్దడం మీద 1995లో అమెరికాలో ఇద్దరు పేటెంటు తెచ్చుకుంటే, మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) పోరాడి పాత గ్రంథాలు, పాత పరిశోధన పత్రాలు ముందు పెట్టి 1997లో రద్దు చేయించింది. ఆ రోజు స్కూల్లో మిఠాయి పంచాను. పసుపులోని కర్కుమిన్ మీద వేల పరిశోధనలు వచ్చాయి. అయితే కొమ్ములో కర్కుమిన్ ఉండేది నూటికి మూడు పాళ్లకు అటూ ఇటూ, అందులోనూ మింగింది రక్తంలోకి చేరేది బహు స్వల్పం. మిరియంతో కలిపితే ఎక్కువగా చేరుతుందని 1998లో బెంగళూరు వాళ్లు చూపించారు, నిజమే. కానీ మిరియం చేసే ఆ పని పసుపుతో ఆగదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ లాంటి గోలీలను కూడా రక్తంలో పెంచుతుంది. కూరలో వేసే మిరియాలకు భయపడక్కర్లేదు. డబ్బాల్లో అమ్మే పసుపు మిరియాల క్యాప్సూళ్ల దగ్గర మాత్రం ఆగి డాక్టరును అడగాలి. ఈ ఒక్క వాక్యం ఏ చిట్కా కిందా నేను చూడలేదు.

తిప్పతీగను కరోనా రోజుల్లో ఎవరు తాగలేదు? మా వీధిలో కరెంటు స్తంభానికి అల్లుకున్న తీగను ఆకు కూడా మిగల్చకుండా కోసుకుపోయారు. 2022లో దేశంలోని 13 ఆస్పత్రుల డాక్టర్లు, తిప్పతీగ వాడిన తర్వాత కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రచురించారు. కేంద్ర ఆయుష్ శాఖ వేరే మాట చెప్పింది. అసలైన తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన మరో జాతి తీగతో ఇలాంటి హాని జరగొచ్చని అంది. తీర్పు చెప్పే స్థాయి నాకు లేదు. కానీ రెండు పక్షాల మాటలోనూ మనకు పనికొచ్చేది ఒకటే కనబడుతోంది. తీగను గుర్తుపట్టడం తెలియాలి, ఎన్నాళ్లు తాగుతున్నామో లెక్క ఉండాలి, కళ్లు పచ్చబడినా మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి దవాఖానకు పోవాలి. ఇంత చిన్న హెచ్చరిక వేయడానికి పేజీలో రెండు లైన్ల చోటు చాలు.

సొరకాయ రసం అయితే ప్రాణమే తీసింది. మా దిక్కు ఆనిగెపుకాయ అంటాం. అమాయకమైన కూర, బాలింతకు కూడా పెడతాం. 2010లో ఢిల్లీలో చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త చనిపోయాక, భారత వైద్య పరిశోధన మండలి ఒక నిపుణుల బృందాన్ని వేసింది. కొన్ని కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు పెరుగుతాయని, చేదే దానికి గుర్తు అని, రసం తీసే ముందు చిన్న ముక్క నాలుకకు తాకించి చేదైతే పారేయాలని వాళ్లు చెప్పారు. దీనికి విరుగుడు మందు లేదు. చేదు అంటే మందు గుణం అనుకుని ముక్కు మూసుకుని తాగే అలవాటు మనది, అక్కడే ప్రమాదం. మా అమ్మ ఆనిగెపుకాయ కోసేటప్పుడు మొదటి ముక్క నోట్లో వేసుకుని చూసి గానీ కత్తి మళ్లీ ఎత్తేది కాదు. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె మాకు చెప్పలేదు. చేసేది, అంతే. అలాంటి పెద్దల జ్ఞానం చిట్కాల్లో రావడం లేదు, తాగండి తాగండి అన్న ముక్కే వస్తోంది.

నేను ఆకులకు, చెట్లకు వ్యతిరేకిని అనుకోకండి. నా బతుకంతా వాటితోనే గడిచింది. మేడారం జాతరకు పోయిన ప్రతిసారీ వేర్లు, గడ్డలు, బెరళ్లు గుడ్డ మీద పరచుకుని అమ్మే ఆదివాసీ పెద్దల దగ్గర కూర్చుని పేర్లు రాసుకున్నాను. వాళ్లలో ఒకాయన నల్లజీడి గింజ చేతిలో పెట్టబోతే నేను చేయి చాపాను. వెంటనే వెనక్కి తీసుకుని, "దీన్ని ఊకెనే ముట్టొద్దమ్మా, పొక్కుతది" అన్నాడు. అమ్మేవాడే హెచ్చరించాడు. ఆయుర్వేదంలోనూ ఆ గింజను శుద్ధి చేయకుండా వాడరు. మాత్ర (ఎంత మోతాదు), అనుపానం (దేనితో కలిపి), పథ్యం లేని మందు ఆ శాస్త్రంలో లేదు. వరంగల్‌లోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల నుంచి చదువుకుని వచ్చిన ఏ డాక్టరును అడిగినా ఇదే చెబుతారు. సంప్రదాయం సగం చెప్పలేదు. మనం సగం తీసుకున్నాం.

సంప్రదాయాన్ని గౌరవించి, దాన్ని పరీక్షకు పెట్టినవాళ్లు ఎంత దూరం పోయారో చూడండి. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో మన సర్పగంధను బీపీ ఉన్న 50 మందికి ఇచ్చి, లెక్కలు రాసి ప్రచురిస్తే ప్రపంచమంతా బీపీకి ఆ వేరు వైపు తిరిగింది. చైనాలో తూ యూయూ పదహారు వందల ఏళ్ల నాటి గ్రంథం చదివింది. మాచిపత్రి జాతి మొక్కను నీళ్లలో నానబెట్టి పిండాలని అందులో ఉంది, మరిగించమని లేదు. అది గమనించి తక్కువ వేడితో సారం తీస్తే మలేరియా మందు చేతికొచ్చింది. రోగులకు ఇచ్చే ముందు ఆమె, ఆమెతో పనిచేసేవాళ్లు తామే మింగి చూసుకున్నారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే మొక్కను మరిగించి తాగినవాళ్లకు ఆ మందు గుణం చాలావరకు పోయేది. నానబెట్టాలా, మరిగించాలా అన్న ఒక్క ముక్క మీద అంతా ఆధారపడింది.

నా తప్పు కూడా ఒకటి ఉంది. చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. ఔషధ మొక్కల పాఠం వచ్చినప్పుడు పిల్లలతో చార్టులు వేయించేదాన్ని. ఒక పక్క మొక్క పేరు, ఒక పక్క ఉపయోగం. తులసికి జలుబు, వేపకు చర్మవ్యాధులు, బిళ్ళ గన్నేరుకు మధుమేహం, క్యాన్సర్. అందంగా రాసినవాళ్లకు ఎక్కువ మార్కులు. ఆ చార్టుల్లో జాగ్రత్తలు రాసే మూడో గడి ఎప్పుడూ గీయించలేదు. వేపాకు స్నానం వేరు, పసిపిల్లకు వేపనూనె తాగించడం వేరు. ఆ నూనె తాగించిన పసివాళ్లకు ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పిన సంగతి మలేషియా డాక్టర్లు ఎప్పుడో రాశారు. ఆ మూడో గడి గీయించి ఉంటే అందులో ఇలాంటివి ఉండేవి. నా దగ్గర చదువుకున్నవాళ్లలో మా అన్న కొడుకు కూడా ఉన్నాడు. ఆ పేపరు ముక్క చూసి వాడు తండ్రితో అన్న మాట, "అవును బాపు, మేనత్త గూడ క్లాసుల చెప్పింది" అని. వదినె ఈ సంగతి చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మొక్కల గురించి రాయడం ఆపకండి. ఆ మూడో గడి వేయండి. ఏ భాగం, ఎంత, ఎన్నాళ్లు అన్నది ఉండాలి. ఎవరి మీద చూశారన్నది తప్పకుండా ఉండాలి. గాజు గొట్టంలోనా, ఎలుక మీదా, మనిషి మీదా, మనిషైతే ఎంతమంది మీద? గర్భిణులు, పసిపిల్లలు, కాలేయం కిడ్నీ జబ్బులున్నవాళ్లు వాడొచ్చా? రోజూ వేసుకునే ఏ గోలీతో పడదు? తెలియకపోతే మనుషుల మీద ఇంకా చూడలేదు అని రాయండి. ఆ మాట రాస్తే పత్రిక పరువు ఏమీ తగ్గదు, నాలాంటి పాఠకులకు నమ్మకం పెరుగుతుంది. ప్రతి చిట్కా కిందా, డాక్టరు ఇచ్చిన గోలీలు మానవద్దు అన్న లైను, పైన వేసిన శీర్షికంత పెద్ద అక్షరాల్లో వేయండి. మా అన్నకు కళ్లద్దాలు లేకుండా కనబడేది శీర్షిక ఒక్కటే.

షుగర్ మాయం చేస్తామని వచ్చే పొడుల ప్రకటనల గురించి కూడా ఒక మాట. షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం పట్టీలో మధుమేహం పేరు స్పష్టంగా ఉంది. ఆరోగ్యం పేజీలో చిట్కా, దాని కిందనే ఆ చిట్కాకు సంబంధించిన పొడి ప్రకటన ఉంటే చదివేవాళ్లకు రెండూ ఒకటిగానే కనబడతాయి. వేరు చేసి చూడగలిగిన చదువు మా ఊళ్లో అందరికీ లేదు.

చివరగా ఫొటో సంగతి. మా అన్న ముక్కలో రాసింది బిళ్ళ గన్నేరు. పక్కన వేసిన బొమ్మ మాత్రం గన్నేరుది. పేరులో గన్నేరు ఉందని ఎవరో వెతికి పెట్టేసి ఉంటారు. రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలే. కానీ గన్నేరు ఆకులో ఉన్నది గుండె కొట్టుకోవడాన్ని దెబ్బతీసే విషం. మా అన్నకు చిన్నప్పటి నుంచి రెండూ తెలుసు కనుక బొమ్మను పట్టించుకోకుండా రాతను నమ్మాడు. పట్నంలో పుట్టి పెరిగిన వాళ్లెవరైనా బొమ్మను నమ్మి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే నాకు భయం వేస్తుంది.

ఈ ఉత్తరంతో పాటు రెండు హెర్బేరియం షీట్లు పంపుతున్నాను. మా వాకిట్ల కొమ్మలు తెంపి, పాత పేపర్ల మధ్య పది రోజులు నొక్కి ఆరబెట్టి, కుట్టి, కింద పేర్లు రాశాను. ఒకటి బిళ్ళ గన్నేరు. ఆకులు జంటగా ఎదురెదురుగా, కోలగా ఉంటాయి, నడి ఈనె తెల్లగా ఉంటుంది. మొక్క మామూలుగా నడుమెత్తు దాటదు. రెండోది గన్నేరు. ఆకులు సన్నగా, పొడుగ్గా, మందంగా, ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఉంటాయి. మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది. మీ ఆరోగ్యం పేజీ చూసే వారి టేబుల్ మీద ఇవి రెండూ పక్కపక్కన పెట్టించండి. రెండో షీటు ముట్టుకున్నాక మాత్రం చేతులు కడుక్కోమని చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హనుమకొండ